కుర్చీలు వెళ్లిపోయాక

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో మనిషి పోతే, సంఘమంతా వచ్చి ఓదార్చి ప్రార్థన చేసే ఆదరణ కూడిక దాకా ఇల్లు నిండుగా ఉంటుంది. షామియానా, పాటలు, పాస్టరు అయ్యగారి వాక్యం. ప్లాస్టిక్ కుర్చీలు లెక్కపెట్టి బండెక్కించాక మొదలవుతుంది అసలు దుఃఖం. ఇవాళ మాట్లాడుకునేది ఆ తర్వాతి రోజుల గురించే.

"ఏడవకండి, ప్రభువు దగ్గరికే కదా వెళ్లింది" అంటారు వచ్చినవాళ్లు. పైగా బైబిల్లో అపొస్తలుడు పౌలు రాసిన మాట ఆధారం చూపిస్తారు. మొదటి థెస్సలొనీకయ పత్రిక 4వ అధ్యాయం 13వ వచనం తీసి చూడండి. దుఃఖపడొద్దని అక్కడ లేదు. "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడొద్దని ఉంది. ఆ ముక్క మింగేసి చదవడం వల్ల ఎంతోమంది ఏడుపును తప్పులా దాచుకుంటున్నారు. చనిపోయిన లాజరును కాసేపట్లో బతికించి లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. "నువ్విక్కడ ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాడు" అని లాజరు తోబుట్టువులు మార్త, మరియ ఇద్దరూ ఆయనతోనే అన్నారు. అలా అన్నందుకు ఆయన వాళ్లను గద్దించలేదు.

ప్రార్థనకు మాట రానప్పుడు 13వ కీర్తన తీయండి. ఆరే వచనాలు. పైకి, నెమ్మదిగా చదవండి. మొదటి రెండు వచనాల నిండా ఎన్నాళ్లు, ఎంతవరకు అనే ప్రశ్నలే. అక్కడ ఆగి, పోయినవారి పేరు చెప్పుకుని, మీ ప్రశ్న మీ ఇంటి మాటల్లోనే అడగండి. 3, 4 వచనాలు వేడుకోలు. ఈ రాత్రికి నిద్ర, రేపటికి పిల్లల ఫీజు, ఏదైనా అడగొచ్చు. 5, 6 నమ్మకం. చాలామంది నేరుగా ఐదో వచనానికి దూకుతారు, అందుకే అది పెదవుల మీదే ఉండిపోతుంది. నాలుగో వచనం దాటలేకపోతే బైబిలు మూసేయండి, రేపు మళ్లీ మొదటి నుంచి. 88వ కీర్తనైతే చీకటి మాటతోనే ముగుస్తుంది, అయినా అదీ ప్రార్థనే.

ఒంటిని కూడా చూసుకోవాలి. చావు కోరుకుని పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ఉపదేశం చెయ్యలేదు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, రెండోసారీ లేపి తినమన్నాడు.

పరామర్శకు వెళ్లేవారికి ఒక మాట. బిడ్డల్ని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేలమీద మౌనంగా కూర్చున్నారు. చెడగొట్టింది నోరు విప్పాకే! "ఏదైనా కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. "బుధవారం సాయంత్రం కూర తెస్తాను, గిన్నె నేనే వచ్చి పట్టుకెళ్తాను" అనండి. రెండో నెలలో వెళ్లండి. పోయినవారి పేరు ఎత్తడానికి జంకకండి.

మొదటి క్రిస్మస్‌కు స్టార్ కట్టాలా వద్దా అన్నది నవంబరులోనే ఇంటిల్లిపాదీ కూర్చుని అనుకోండి. పిల్లలున్న ఇంట్లో కట్టడమే మేలు. పిండివంటలు మానేసినా ఫరవాలేదు. మళ్లీ చర్చికి వెళ్లే మొదటి ఆదివారం తలుపు దగ్గర కూర్చుంటే, పాట మధ్యలో గొంతు పూడుకుపోయినా లేచి బయటికి వెళ్లిరావచ్చు.

వారాల తరబడి నిద్రా తిండీ లేకపోతే డాక్టరుకు చూపించండి. మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు. "నేనూ వెళ్లిపోతే బాగుండు" అన్న మాట వినిపిస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రిపూట కూడా మాట్లాడతారు. పెన్ను తీసుకోండి, మళ్లీ చెబుతున్నాను: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.