గురుడి చందమామ అయో ఎందుకంతలా మండుతోంది?

[స్క్రీన్ మీద: పసుపు, నారింజ మచ్చలతో అయో. వెనక గురుగ్రహం.]

1979 మార్చి 8. గురుగ్రహాన్ని దాటి వెళ్లిపోతున్న వాయేజర్-1, దాని ఉపగ్రహం అయోను ఫోటో తీసింది. ఆ ఫోటో నాసాలో లిండా మొరాబిటో అనే ఇంజనీర్ చేతికొచ్చింది. ఆమె పని వ్యోమనౌక దారి లెక్కగట్టడం. అందుకు వెనకాల ఉన్న ఒక చిన్న నక్షత్రం కావాలి. అది సరిగ్గా కనపడక ఆమె బొమ్మ వెలుతురు పెంచితే, అయో అంచున ఏదో పైకి లేచి ఉంది. అగ్నిపర్వతం చిమ్మిన పొగ! దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తు.

భూమికి బయట అగ్నిపర్వతం పేలుతుండగా మనం చూడటం అదే మొదలు.

అక్కడికి చేరే ఎండ మనకొచ్చే దాంట్లో 27వ వంతే. నేల చాలా చోట్ల మైనస్ 130 డిగ్రీల చలి. సైజులో అయో మన చంద్రుడి కంటే కాస్త పెద్దది, అంతే. మన చంద్రుడేమో ఎప్పుడో చల్లారిపోయాడు. అయో మీద మాత్రం ఇప్పటికీ 400 దాకా అగ్నిపర్వతాలు రగులుతున్నాయి. మరి ఆ వేడి ఎక్కడిది?

[యానిమేషన్: గురుడి చుట్టూ అయో, యూరోపా, గ్యానిమీడ్]

అయోకి, గురుడికి మధ్య దూరం 4.2 లక్షల కిలోమీటర్లు. మన చంద్రుడు మనకున్న దూరం కంటే కొంచెమే ఎక్కువ. కానీ గురుడి బరువు 318 భూములంత. ఆ లాగుడుకి అయో సాగుతుంది. కక్ష్య గుండ్రంగా ఉంటే ఒకసారి సాగి అలాగే ఉండిపోయేది, వేడి పుట్టేది కాదు. గుండ్రం కానివ్వనిది పక్కనున్న ఇద్దరు, అంటే గురుడి మరో రెండు ఉపగ్రహాలు యూరోపా, గ్యానిమీడ్. అయో నాలుగు చుట్లు తిరిగేసరికి యూరోపా రెండు, గ్యానిమీడ్ ఒకటి తిరుగుతాయి. లెక్క తప్పకుండా అవే చోట్ల మళ్లీ మళ్లీ తగిలే ఆ లాగుడు వల్ల అయో కక్ష్య కోలగానే ఉండిపోయింది.

దాంతో అయో ఒకసారి గురుడికి దగ్గరవుతుంది, ఒకసారి దూరమవుతుంది. దాని రాతి నేల 100 మీటర్ల దాకా ఉబ్బి తగ్గుతుంది. నీళ్లు కాదండీ, రాయి! ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే వంచిన చోట కాలుతుంది కదా, అదే ఇక్కడా జరుగుతోంది.

నాకు బాగా నచ్చేది ఏంటంటే, స్టాంటన్ పీల్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఇద్దరూ కలిసి ఈ లెక్క వేసి, అయో లోపల కరిగి ఉండొచ్చని 1979 మార్చి 2న ప్రచురించారు. ఫోటో రావడానికి సరిగ్గా ఆరు రోజుల ముందు!

[స్క్రీన్ మీద: గీతలు పడ్డ మంచు గోళం, యూరోపా]

  ఇప్పుడు యూరోపాను చూడండి. అదే లాగుడు దాన్నీ నలుపుతుంది, కాకపోతే తక్కువగా. రాయిని కరిగించేంత లేదు, మంచు కింద సముద్రాన్ని గడ్డకట్టనివ్వనంత ఉందని శాస్త్రవేత్తల అంచనా. 2024 అక్టోబరులో బయలుదేరిన యూరోపా క్లిప్పర్ అనే వ్యోమనౌక 2030లో గురుడిని చేరి, ఆ మంచు లోపలికి రాడార్‌తో చూస్తుంది. అయితే యూరోపా చుట్టూ తిరగదు. గురుడి చుట్టూ తిరుగుతూ, దాదాపు 50 సార్లు దాని పక్కనుంచి దూసుకుపోతుంది. అక్కడి రేడియేషన్‌లో ఎక్కువసేపు ఉంటే పరికరాలు పాడైపోతాయి. ఆ రేడియేషన్‌కి మేత వేసేవాటిలో అయో అగ్నిపర్వతాలు కక్కే గంధకం కూడా ఒకటి.