ఆల్చిప్ప నోరు తెరిస్తేనే

శ్రోతలకు నమస్కారం.

ఆల్చిప్పలు, అంటే మనం తినే ఆయిస్టర్లు, నీటిని వడగట్టుకుని బతుకుతాయి. ఒక్కొక్కటి గంటకు కొన్ని లీటర్ల నీరు వడకడుతుంది. ఆ నీటిలో మురుగు కలిస్తే, అందులోని బాక్టీరియా పేగులోకి చేరుతుంది. చేపనైతే పొట్ట తీసి కడుగుతాం. ఆల్చిప్పను పేగుతో సహా తింటాం. చిక్కంతా అక్కడే ఉంది.

మరి ఆ పేగును కడిగేదెవరు? ఆల్చిప్పే. శుభ్రమైన సముద్రపు నీరిస్తే తనే కడుక్కుంటుంది. కానీ నోరు తెరిస్తేనే.

తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ అనుసరించిన పద్ధతి చూడండి. ముందు చిప్పల పైమట్టి కడిగి, తొట్టెలో పెడతారు. వడగట్టిన సముద్రపు నీరు నింపి, అందులో పదోవంతు నుంచి ఐదోవంతు దాకా మారుతూ ఉండేలా పారిస్తారు. 12 గంటలయ్యాక నీరంతా వదిలేసి, జోరైన నీటిధారతో చిప్పల మీది విసర్జనను కడిగేస్తారు. మళ్లీ కొత్త నీరు, మళ్లీ 12 గంటలు, మళ్లీ ధార. చివరగా క్లోరిన్ కలిపిన సముద్రపు నీటిలో ఒక గంట. మోతాదు వెయ్యి లీటర్లకు 3 గ్రాముల క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్‌లో 30 శాతం క్లోరిన్ ఉంటే 10 గ్రాములు సరిపోతుంది. పాతబడి, గాలి తగిలిన పౌడర్‌తో ఈ లెక్క కుదరదు. ఆ తర్వాత మంచి సముద్రపు నీటితో మరోసారి కడిగి అమ్మకానికి పంపుతారు.

క్లోరిన్‌ను ముందే వేస్తే పోలేదా అనిపిస్తుంది. కుదరదు. ఘాటు తగిలితే ఆల్చిప్ప నోరు మూసుకుంటుంది, లోపలిది లోపలే ఉండిపోతుంది. వానలకు నీటిలో ఉప్పు బాగా తగ్గినా మూసుకుంటుంది. కిక్కిరిసి పేర్చితే ప్రాణవాయువు చాలదు. అడుగున గాలి బుడగలు వదిలితే కిందకు దిగిన విసర్జన పైకి లేస్తుంది, ఆల్చిప్ప తను విడిచినదాన్నే మళ్లీ మింగుతుంది. ఇక సగం గడువులో కొత్త సరుకు తెచ్చి అదే తొట్టెలో వేశారంటే మొదటివాటి శుద్ధి కూడా చెడినట్టే. నా దృష్టిలో, ఖరీదైన యంత్రాలకంటే ఈ ఒక్క క్రమశిక్షణే ముఖ్యం.

ఇంత చేసినా లొంగని బాక్టీరియా ఒకటుంది, విబ్రియో. అది మురుగుది కాదు, వెచ్చని సముద్రానిదే. నీరు మార్చినంత మాత్రాన పూర్తిగా పోదు. పైగా, పట్టిన ఆల్చిప్పలు ఎండలో ఉంటే గంటగంటకూ పెరుగుతుంది. అమెరికాలో మెక్సికో గల్ఫ్ తీరపు ఆయిస్టర్లను ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా, ప్రత్యేక శుద్ధి లేకుండా పచ్చిగా అమ్మకూడదని 2003లో కాలిఫోర్నియా కట్టడి చేసింది ఇందుకే. కాబట్టి పట్టిన వెంటనే నీడ, ఆపై చల్లదనం. వలిచిన మాంసమైతే మంచులోనే ఉండాలి.

వంటింటి సంగతి ఒక్కటి చెబుతాను. తట్టినా మూసుకోని చిప్ప చచ్చిపోయిందని లెక్క, పారేయండి. మిగతావాటిని మరిగే నీటిలో వేయండి. నోరు తెరవగానే దించేయకండి, అక్కడ తొందరపడతారు చాలామంది. తెరిచాక ఇంకో 3 నుంచి 5 నిమిషాలు మరగనివ్వండి. ఉడికాక కూడా తెరుచుకోనివాటిని తినొద్దు. కాలేయ జబ్బు, చక్కెర వ్యాధి ఉన్నవారు పచ్చివి రుచి కూడా చూడకూడదు. నిమ్మరసం, మిరపకారం విబ్రియోను చంపవు.