ఫోన్-ఇన్: మీ సైట్‌కి ఏ హోస్టింగ్?

యాంకర్: రాజోలు నుంచి కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మాది పచ్చళ్ల వ్యాపారం. మా అత్తగారి టైం నుంచీ ఉందిలెండి. ఆవకాయ, మాగాయ, గోంగూర... ఇదివరకు ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. మా అబ్బాయి ఫ్రెండు సైట్ చేసిచ్చాడు. మామూలప్పుడు బాగానే ఉంటుందండీ, ఏప్రిల్, మే వచ్చిందంటే ఒకటే ఆగిపోవడం. 508 అని ఏదో వస్తుంది.

నిపుణుడు: ముందు టీవీ సౌండ్ తగ్గించండమ్మా. ఆ... డొమైన్ ఎవరి పేరు మీదుంది?

కాలర్: అదేంటండీ?

నిపుణుడు: సైట్ పేరు. మీ మెయిల్‌తో రిజిస్టర్ చేశారా, ఆ అబ్బాయి మెయిల్‌తోనా?

కాలర్: అతనిదేనండీ. ఇప్పుడు కెనడాలో ఉన్నాడు.

నిపుణుడు: చూశారా! ప్రతి వారం నేను మొత్తుకునేది ఇదే. హోస్టింగ్, అంటే సైట్‌ని ఉంచే సర్వర్ చోటు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పేరు చేజారితే రాదు. ముందు అది మీ పేరు మీదికి మార్పించుకోండి. ఇక 508 వస్తోందంటే మీది షేర్డ్ హోస్టింగే అయ్యుంటుంది. ఒకే సర్వర్ మీద బోలెడు సైట్లు. ఒక్కో ఖాతాకి ఇంత ప్రాసెసర్, ఇంత మెమరీ అని హద్దు పెడతారు. మామిడికాయల సీజన్లో మీరది దాటేస్తున్నారు.

కాలర్: డెడికేటెడ్ సర్వర్ తీసుకోమన్నాడండీ ఇంకొకతను.

నిపుణుడు: వద్దమ్మా. డెడికేటెడ్ అంటే సర్వర్ మొత్తం మీ ఒక్కరికే. నాలుగు జాడీలకు గోడౌన్ అద్దెకి తీసుకుంటారా? 2 జీబీ మెమరీ ఉన్న వీపీఎస్‌తో మొదలుపెట్టండి, అంటే ఒక సర్వర్‌లో మీకంటూ విడిగా ఇచ్చే భాగం. మేనేజ్‌డ్, అంటే నిర్వహణ కంపెనీవాళ్లే చూసుకునేది, అయితేనే తీసుకోండి, లేకపోతే అప్‌డేట్లు, సెక్యూరిటీ అన్నీ మీ నెత్తినే. సీజన్‌కి మెమరీ పెంచుకుని తర్వాత తగ్గించుకోవచ్చు. డిస్క్ మాత్రం పెంచొద్దు, చాలాచోట్ల మళ్లీ తగ్గించనివ్వరు.

కాలర్: అయితే డెడికేటెడే తీసుకోమంటారా?

నిపుణుడు: (నవ్వుతూ) వద్దన్నానమ్మా! వీపీఎస్. రాసుకోండి.

కాలర్: నెలకి 99 రూపాయలే అని ప్రకటన చూశానండీ...

నిపుణుడు: అలాంటివి చాలావరకు రెండు మూడేళ్లకి ఒకేసారి కడితేనే, అదీ మొదటిసారికే. రెన్యువల్ రేటు కింద చిన్నక్షరాల్లో ఉంటుంది, అది చూడండి. డొమైన్ సంగతి మాత్రం...

కాలర్: ఈ రాత్రికే ఫోన్ చేయిస్తానండీ!

యాంకర్: థాంక్యూ అమ్మా. కరీంనగర్ నుంచి, చెప్పండి.

కాలర్: సర్, బీటెక్ స్టూడెంట్‌ని. నా ప్రాజెక్టులు పెట్టుకోవడానికి చిన్న సైట్. ఒట్టి హెచ్‌టీఎంఎల్ పేజీలే.

నిపుణుడు: పైసా ఖర్చు పెట్టకు బాబూ. గిట్‌హబ్ వాళ్ల హోస్టింగ్, గిట్‌హబ్ పేజెస్, ఉచితం. సైట్ 1 జీబీ దాటకూడదు. పీహెచ్‌పీ లాంటి సర్వర్ ప్రోగ్రాములు, డేటాబేస్ నడవవు.

యాంకర్: సిద్దిపేట?

కాలర్: అన్నా, మా కోచింగ్ సెంటర్ సైట్ సర్వర్ అమెరికాలో ఉంది. పిల్లలంతా ఇక్కడే. స్లో అయితుంది.

నిపుణుడు: ముంబైకి మార్చండి. హైదరాబాద్‌లో కూడా అమెజాన్ 2022లో రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం, తెరిచింది. మార్చేముందు బ్యాకప్ మీ కంప్యూటర్లోకి దించుకోండి. ఆ, డొమైన్ ఎవరి...

యాంకర్: లైన్ కట్ అయింది సర్. తర్వాతి కాలర్.