చిక్కిపోయిన లెపర్డ్ గెక్కో ఇంటికొస్తే ముందు ఏం చేయాలి

నమస్కారమండీ. ముందు ఈ చిక్కిపోయిన గెక్కో తోకని దగ్గరగా చూడండి. లెపర్డ్ గెక్కో అనే ఈ పెంపుడు బల్లి కొవ్వు దాచుకునేది తోకలోనే. ఆరోగ్యంగా ఉన్నదానికి తోక లావైన చోట మెడంత ఉంటుంది. దీనికి రెండు పక్కలా గాడి పడింది, తోక మొదలు దగ్గర ఎముక కణుపులు లెక్కపెట్టొచ్చు. కళ్లు లోపలికి పోయి ఉన్నా, పక్క చర్మాన్ని మెల్లగా లాగి వదిలితే మడత వెంటనే పోకపోయినా, ఒంట్లో నీరు కూడా తగ్గిపోయినట్టే.

ఇక్కడే చాలామంది కంగారు పడతారు. అయ్యో, ఎండిపోయిందే అని పది పురుగులు ఒకేసారి వేసేస్తారు. వద్దండీ. దీని ఒంటికి వేడి బయట నుంచే రావాలి. పొట్ట కింద నేల వెచ్చగా లేకపోతే తిన్నది అరగదు, లోపలే కుళ్లి కక్కేస్తుంది. కక్కితే ఉన్న కాస్త నీరూ పోతుంది. అందుకే ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి.

పెట్టె అడుగున మూడో వంతుకి హీట్ మ్యాట్, అంటే కరెంటుతో వేడెక్కే పలచని పరుపు, వేయండి. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ప్రోబ్‌ని (వేడిని కొలిచే తీగ కొనని) మ్యాట్‌కీ పెట్టె అడుగుకీ మధ్య పెట్టి, లోపల నేల మీద వేరే థర్మామీటర్‌తో 31 నుంచి 33 డిగ్రీలు వచ్చేలా సరిచేయండి. అవతలి వైపు 25 దగ్గర ఉండాలి. లోపల జిగురు టేపు ఎక్కడా వాడకండి, చర్మానికి అంటుకుంటే పొర ఊడిపోతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గదే 34 దాటేస్తుంది. అప్పుడు మ్యాట్‌తో పనిలేదు, పెట్టెని నీడలో చల్లటి గచ్చు మీద పెట్టండి.

కరెంటు సంగతి కూడా చెప్పుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి కదా. అలాంటప్పుడు గోరువెచ్చని నీళ్ల సీసాని గుడ్డలో చుట్టి పెట్టెకి ఒక పక్కన ఆనించండి. వేడి లేని రోజున మాత్రం తిండి పెట్టొద్దు.

కింద ఇసుక వేయొద్దు, నీరసంగా ఉన్నది మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. ఉద్దానంలో కొబ్బరి పొట్టు ఎంత చవగ్గా దొరికినా ఇప్పుడు అది కూడా వద్దు. తెల్ల టిష్యూ పేపరే పరవండి, రెట్ట ఎలా ఉందో కనపడాలి. మూతున్న చిన్న డబ్బాకి గెక్కో దూరేంత కన్నం పెట్టి, లోపల తడి టిష్యూ వేసి వెచ్చటి వైపు ఉంచండి. లోతులేని మూతలో రోజూ కొత్త నీళ్లు పోయండి. మొదటి మూడు రోజులు చేత్తో తీయకండి, పిల్లల్ని కూడా ముట్టుకోనివ్వకండి.

నాలుగో రోజు సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి, రెండే రెండు చిన్న ఇలకోళ్లు వేయండి. షాపుల్లో క్రికెట్స్ అంటారే, అవే. పురుగు గెక్కో రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు. ముందు రోజే పురుగులకి క్యారెట్టు, మునగాకు మేపి, వేసేముందు కాల్షియం పొడిలో దొర్లించండి. విటమిన్ డీ3 కలిసిన పొడి వారానికి ఒకటి రెండుసార్లు చాలు. పావుగంటలో తినకపోతే పురుగులు తీసేయండి, రాత్రి అవే దీన్ని కొరుకుతాయి. కక్కకుండా అరిగించుకుంటే రోజు విడిచి రోజు, రెండో వారానికి మూడు నాలుగుకి పెంచండి. పొలం గట్టు మిడతలు, జీడితోట పురుగులు ఉచితమే, కానీ మందు కొట్టిన చోటివైతే ప్రాణం మీదకొస్తుంది. మిణుగురు పురుగైతే ఒక్కటి కూడా వద్దు, అది విషం. నోరు బలవంతంగా తెరిచి పోయడం కూడా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వారానికి రెండుసార్లు, తిండికి ముందు, 0.1 గ్రాము చూపే తూకం మీద తూచి పుస్తకంలో రాసుకోండి. 30 గ్రాములది 27కి దిగితే ఇంక ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు.

మొదటి రెట్టని మూతున్న శుభ్రమైన డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, ఒక్క రోజులోపే పశువైద్యుల దగ్గరకి పట్టుకెళ్లండి. పేడలో పురుగుల గుడ్లు చూసే మైక్రోస్కోపే దీనికీ పనికొస్తుంది. వెళ్లేముందు ఫోన్ చేసి బల్లిజాతిని చూస్తారా అని అడగండి. విజయనగరం వైపు వాళ్లు గరివిడి పశువైద్య కళాశాలలో వాకబు చేయొచ్చు. ఏ పురుగో తేలకుండా మందు పోయకండి. క్రిప్టో అనే సూక్ష్మజీవి మామూలు పరీక్షలో తప్పించుకోగలదు. బాగా తింటున్నా తోక ఇంకా సన్నబడుతుంటే దాని జాడ పట్టే పీసీఆర్ పరీక్ష గురించి అడగండి. క్రిప్టో బ్లీచింగ్ నీళ్లకి కూడా చావదు. ఇంట్లో మరో గెక్కో ఉంటే, ఇది తేలేదాకా దీని గిన్నె, దీని పటకారు అటు వెళ్లకూడదు.