విండోస్ 11కు మారాక కంప్యూటర్ మొరాయిస్తోందా? ముందు ఆ పాత ఫోల్డర్ జోలికి వెళ్లకండి

[తెరపై: జిరాక్స్ సెంటర్, బల్ల మీద పాత కంప్యూటర్, పక్కన ప్రింటర్]

నమస్కారం. మా బాబాయికి జిరాక్స్ సెంటర్ ఉంది. పెళ్లి పత్రికలు, అర్జీలు, రబ్బరు స్టాంపులు అన్నీ అక్కడే. ఆయన ఒక సాయంత్రం విండోస్ 10 నుంచి 11కు మారారు. మర్నాడు పొద్దున్నే ఫోను: "ప్రింటర్ పోయిందిరా. పత్రిక కొడితే ఏదో పేరు అడుగుతోంది."

నేను మొదటి ముక్క విన్నాను, రెండో ముక్క వదిలేశాను. ఆ పొరపాటు ఖరీదు ఎంతో చివర్లో చెబుతాను. ముందు ఆయన చేసిన పొరపాటు చూద్దాం. అప్‌గ్రేడ్ చేసినవాళ్లలో చాలామంది చేసేది అదే.

[తెరపై: టాస్క్ మేనేజర్, డిస్క్ వాడకం 100 శాతం]

అప్‌గ్రేడ్ అయిన రోజు కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. ఫ్యాను రొద పెడుతుంది, డిస్కు నూటికి నూరు చూపిస్తుంది. అది జబ్బు కాకపోవచ్చు. కొత్త ఇంటికి మారినవాళ్లు మూటలు విప్పుకుంటున్నట్టే: ఫైళ్లన్నిటికీ వెతుకులాట కోసం సూచిక మళ్లీ తయారవుతుంది, అప్‌డేట్లు దిగుతాయి, వైరస్ తనిఖీ నడుస్తుంది. హార్డ్ డిస్కు ఉన్న పాత మెషీన్లలో ఇది మరీ ఎక్కువ. చార్జర్ పెట్టి ఒక రాత్రి ఆన్‌లో వదిలేయండి. పొద్దున రీస్టార్ట్ చేయండి.

షట్‌డౌన్ అనడం లేదు, రీస్టార్ట్ అంటున్నాను. తేడా ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, మీరు షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ గుండెకాయ భాగం, డ్రైవర్లతో సహా, డిస్కులో దాచుకుని పడుకుంటుంది. మళ్లీ ఆన్ చేస్తే నిన్నటి తప్పుతోనే లేస్తుంది. రీస్టార్ట్ అయితే అన్నీ మొదటి నుంచి ఎక్కించుకుంటుంది. "నాలుగుసార్లు ఆపి పెట్టానండీ, ఏమీ మారలేదు" అనేవాళ్ల చిక్కు చాలాసార్లు ఇదే.

[తెరపై: సి డ్రైవ్‌లో 'విండోస్ డాట్ ఓల్డ్' ఫోల్డర్]

మా బాబాయికి అంత ఓపిక లేదు. మెషీన్ నెమ్మదిగా ఉంది కాబట్టి డిస్కు నిండిపోయి ఉంటుందనుకుని, డిస్క్ క్లీనప్ తెరిచి, అన్నిటికన్నా ఎక్కువ చోటు తింటున్న వరుసకు టిక్ పెట్టి చెరిపేశారు. ఆ వరుస పేరు 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్'. అంటే ఆయన పాత విండోస్ 10 మొత్తం.

విండోస్ 11 పాతదాన్ని వెంటనే పారేయదు. విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో 10 రోజులు ఉంచుతుంది. ఆలోగా సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళ్లి 'గో బ్యాక్' నొక్కితే మీ ఫైళ్లతో సహా విండోస్ 10కు తిరిగి వెళ్లవచ్చు. అప్‌గ్రేడ్ తర్వాత పెట్టుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. 10 రోజులు దాటినా, ఆ ఫోల్డర్ చెరిపినా బటన్ పనిచేయదు. పది చాలవనుకుంటే, గడువు ముగియకముందే ఒక ఆదేశంతో 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. ఆదేశం తెరమీద ఉంది, వీడియో ఆపి రాసుకోండి.

అయితే వెనక్కి వెళ్లేముందు ఒక్క మాట. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాళ్లు విడిగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు ఉంది. కాబట్టి వెనక్కి వెళ్లడం అంటే ఊపిరి పీల్చుకోవడానికి కాస్త వ్యవధి దొరకడమే, అక్కడే స్థిరపడిపోవడం కాదు.

[తెరపై: డివైస్ మేనేజర్, పసుపు గుర్తు]

ఇక నిజమైన చిక్కులు. శబ్దం రావడం లేదు, వైఫై కనపడటం లేదు, తెర మిణుకుమంటోంది: ఇలాంటివన్నీ ఎక్కువగా డ్రైవర్ల తగాదా. డ్రైవర్ అంటే విండోస్‌కూ పరికరానికీ మధ్య దుబాసీ. రాజు మారాడు, దుబాసీకి ఇంకా పాత భాషే వచ్చు.

స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు త్రికోణం ఉన్న పరికరం మీద రెండుసార్లు నొక్కి, డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' చూడండి. అది మసకబారి ఉంటే వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ లేదన్నమాట. అప్పుడు ల్యాప్‌టాప్ తయారుచేసిన సంస్థ సైట్‌లో మీ మోడల్ నంబరుతో వెతికి దించుకోవాలి. "ఒక్క నొక్కుతో డ్రైవర్లన్నీ అప్‌డేట్" అని ఊరించే ప్రోగ్రాములను నేను నా మెషీన్‌లోకి రానివ్వను, మీరూ రానివ్వకండి.

వైఫై డ్రైవరే పోతే దించుకునేది ఎలా? ఫోనును చార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కు కలిపి, ఫోను సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వచ్చేస్తుంది.

ఏది కూలిందో తెలియకపోతే స్టార్ట్‌లో 'రిలయబిలిటీ' అని టైప్ చేయండి. 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' తెరుచుకుంటుంది. రోజువారీ పట్టిక అది. ఏ రోజు ఏ ప్రోగ్రాము పడిపోయిందో ఎర్ర గుర్తుతో చూపిస్తుంది. విండోస్‌లో ఇంత పనికొచ్చే పేజీని ఇంత మూల దాచినవాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

[తెరపై: నీలి తెర, 48 అంకెల గడి]

కొందరికి ఆన్ చేయగానే నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. హడలిపోకండి, అది హ్యాకర్ల పని కాదు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్ కావాలి, తాళంచెవులు దాచిపెట్టే భద్రతా చిప్ అది. దాన్ని ఆన్ చేయడానికి మీరో మెకానిక్కో బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల్లో, ఏదో మార్చి ఉంటారు, తాళానికి అనుమానం వచ్చింది. వేరే ఫోనులో మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి రికవరీ కీల పేజీ చూడండి. తెర మీది కీ ఐడీతో సరిపోలినదే ఎక్కించాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ ఆఫీసువాళ్ల దగ్గర ఉండొచ్చు. కీ దొరకకపోతే ఆ డిస్కులోని ఫైళ్లు దక్కవు. అందుకే, ఇంకా అప్‌గ్రేడ్ చేయనివాళ్లు ముందే ఆ అంకెలు కాగితం మీద రాసిపెట్టుకోండి.

చిన్న ఆఫీసుల్లో మరో ఫిర్యాదు: పక్క కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అనే అప్‌డేట్ నుంచి పాస్‌వర్డ్ లేకుండా అతిథిలా దూరే దారి మూసేశారు. ఆ తలుపు మళ్లీ తెరిచే చిట్కాలు నెట్‌లో ఉన్నాయి గానీ, పక్క కంప్యూటర్‌లో ఒక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టుకోవడమే మంచి పని.

[తెరపై: నల్ల కిటికీలో రెండు ఆదేశాలు]

విండోస్‌ను మరమ్మతు చేసే డిస్మ్, ఎస్‌ఎఫ్‌సి ఆదేశాలు చెప్పలేదేమిటి అంటారా? ప్రతి చిక్కుకూ అవే మందు అన్నట్టు చెబుతుంటారు. విండోస్ సొంత ఫైళ్లు పాడైతేనే అవి పనికొస్తాయి, డ్రైవర్ తప్పును సరిచేయవు. వాడితే ముందు డిస్మ్, తర్వాత ఎస్‌ఎఫ్‌సి. ఎస్‌ఎఫ్‌సి మంచి ఫైళ్లు తెచ్చుకునే గిడ్డంగిని డిస్మ్ బాగుచేస్తుంది కాబట్టి ఆ వరుస.

[తెరపై: మళ్లీ జిరాక్స్ సెంటర్]

బాబాయి విషయానికి వద్దాం. 'గో బ్యాక్' పనిచేయలేదు. ఫోనులో నేనే చెప్పాను: "రీసెట్ చేసేయండి, ఫైళ్లు ఉంటాయి." ఫైళ్లు ఉన్నాయి. ఫాంట్లు పోయాయి. పెళ్లి పత్రికల కోసం ఏళ్ల తరబడి పోగేసుకున్న డీటీపీ ఫాంట్లన్నీ. మైక్రోసాఫ్ట్ తెలుగు ఫాంటు గౌతమి కూడా కనపడలేదు. విండోస్ 10 నుంచే గౌతమి, వాణి మామూలుగా రావు. ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' విడిగా తెచ్చుకోవాలి.

అప్పటికీ ప్రింటర్ రాలేదు. ఆదివారం నేనే వెళ్లాను. ప్రింట్ కొట్టగానే నిజంగానే పేరు అడిగింది: ఫైలుకు ఏం పేరు పెట్టాలని. ప్రింటర్‌కు ఏ రోగమూ లేదు. పని కాగితానికి కాకుండా పీడీఎఫ్‌కు వెళ్తోంది. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో, డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకునే మీట ఆన్‌లో ఉంది. ఆఖరిసారి వాడిన ప్రింటర్‌నే అది డిఫాల్ట్ చేసేస్తుంది, పీడీఎఫ్‌నూ ప్రింటర్‌గానే లెక్కేస్తుంది. మీట ఆపి, అసలు ప్రింటర్ పేజీలో 'సెట్ యాజ్ డిఫాల్ట్' నొక్కాను. అర నిమిషం పని.

పత్రిక బయటికొచ్చింది. బాబాయి దాన్ని వెలుగులో పట్టుకుని చూసి, "అక్షరం బాగాలేదు" అన్నారు. గౌతమి ఇంకా దిగుతోంది.