పాత సినిమా మరమ్మతు: దుమ్ము తుడవాలి సరే, తీగ చెరపాలా?

నమస్కారమండీ. విశాఖపట్నంలో ఉక్కపోత, సౌండ్ కోసం ఫ్యాన్ కూడా ఆపేశాను. నా చెమట చూసి నవ్వకండి. ఈరోజు పాత పౌరాణికం క్లిప్ ఒకటి శుభ్రం చేద్దాం. నలుపు తెలుపు, 35 ఎంఎం నెగటివ్ నుంచి 4కే స్కాన్.

ముందు ఒక మాట. మీ ఇంట్లో పాత రీలు డబ్బా ఉంటే మూత తీసి చూడండి. పుల్లగా వెనిగర్ వాసన కొడితే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము పాడవుతోందన్నమాట. వేడి, తేమ దానికి పడవు. మన ఊళ్లో ఆ రెండింటికీ లోటు లేదు. అలాంటి రీలుని ప్రొజెక్టర్‌లో పెట్టకండి, స్కానింగ్‌కి ఇవ్వండి.

సరే, స్క్రీన్ చూడండి. ఇదిగో, ఈ తెల్ల చుక్క. ఒక ఫ్రేము వెనక్కి వెళ్తున్నా... లేదు. ముందుకి... లేదు. సెకనుకి 24 ఫ్రేములుంటే ఒక్కదాంట్లోనే ఉంది, అంటే దుమ్మే. పక్క ఫ్రేములోంచి ఆ కాస్త ముక్క తెచ్చి అతికిస్తే పోతుంది. ఆటోమేటిక్ టూల్ చేసేదీ ఇదే. ఇప్పుడది ఆన్ చేసి యుద్ధం షాట్‌కి వస్తున్నా. రెండు బాణాలు గాల్లో ఢీకొన్నాయి, నిప్పురవ్వలు... ఏవీ? రవ్వ కూడా ఒకట్రెండు ఫ్రేముల్లోనే మెరుస్తుంది కదా, దుమ్మనుకుని ఊడ్చేసింది! అస్త్రాలు, వాన, మెరుపులు ఉన్నచోట టూల్ ఆపేసి చేత్తోనే చేసుకోండి. చాకిరీయే, తప్పదు.

ఈ షాట్‌లో గ్రెయిన్, అంటే ఫిల్ము మీద ఇసక చల్లినట్టుండే సన్నటి చుక్కలు, ఎక్కువుంది చూశారా? రెండు బొమ్మల్ని ఆప్టికల్ ప్రింటర్ (ఫిల్ము మీది బొమ్మని మళ్లీ ఫొటో తీసే యంత్రం) మీద కలిపి మళ్లీ ఫిల్ముకెక్కించారు, అందుకని. నునుపు చేద్దామని చెయ్యి దురద పెడుతుంది. చేస్తే మొహాలు మైనపు బొమ్మలైపోతాయి. వదిలేయండి.

ఇప్పుడు అసలు గొడవ. గద గాల్లో ఎగురుతోంది, పైన దాన్ని వేలాడదీసిన సన్నటి తీగ కనిపిస్తోంది. ఒరిజినల్‌ని ముట్టుకోకూడదు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అప్పట్లో థియేటర్‌కి వెళ్లింది కెమెరాలోంచి వచ్చిన నెగటివ్ కాదు, దాన్నుంచి తీసిన కాపీ, అంటే ప్రింటు. ఒక్కో కాపీకి కాస్త వివరం తగ్గుతుంది. నెగటివ్‌లో కనిపించే తీగ తెర మీద కనిపించకపోవచ్చు. కాబట్టి పాత ప్రింటు దొరికితే పక్కన పెట్టుకుని చూడండి. అందులో కనిపించకపోతే తీగ తీసేయండి, కనిపిస్తే ఉంచేయండి. గదకి కొత్తగా మంటలు పెట్టడం మాత్రం మరమ్మతు కాదు. 1977 నాటి స్టార్ వార్స్‌కి 1997లో కంప్యూటర్ బొమ్మలు కలిపారు. పాతదే కావాలనే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు.

మరి మాయాబజార్‌కి రంగులేశారు కదా అంటారు. 2010లో వచ్చింది, పిల్లలూ చూశారు, సంతోషమే. కానీ 1957లో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ అందులోని వెన్నెలని నలుపు తెలుపుల లెక్కలోనే తీశారు. రంగుల కాపీ అదనం, అంతే. మన విశాఖ, భీమిలిలో తీసిన మరో చరిత్ర చూడండి. 1978 నాటికి కలర్ సినిమాలు వచ్చేసినా దర్శకుడు బాలచందర్ నలుపు తెలుపులోనే తీశారు. దానికి రంగేస్తే ఏం బాగుచేసినట్టు?

సేవ్ చేసేటప్పుడు తొలి స్కాన్ మీద ఓవర్‌రైట్ చేయకండి. తీగ చెరిపిన ఫ్రేముల నంబర్లు రాసి అదే ఫోల్డర్‌లో ఉంచండి. రేపు ఇంకో మంచి ప్రింటు దొరికితే మీ పని వెనక్కి తిప్పుకోవచ్చు. నిలువు గీతల సంగతి వచ్చే వీడియోలో.