2009 డబుల్ ఈగిల్: పక్కకి తిప్పి చూడాల్సిన బంగారు నాణెం

నమస్తే అండీ. ఇవాళ టేబుల్ మీద ఒక్కటే నాణెం. చేతిలో కాగడా, ఆలివ్ కొమ్మ పట్టుకున్న లిబర్టీ, అంటే స్వేచ్ఛా దేవత బొమ్మ. చూడగానే "1907 నాటిదా?" అంటారు. కాదు, 1907 నాటి బంగారు నాణెం బొమ్మనే తీసుకుని అమెరికా టంకశాల 2009లో వేసింది. పేరు అల్ట్రా హై రిలీఫ్ డబుల్ ఈగిల్, అంటే బొమ్మ బాగా ఉబ్బెత్తుగా ఉండే ఇరవై డాలర్ల నాణెం.

గ్లవ్స్ వేసుకుని, అంచు మాత్రమే పట్టుకుంటున్నా. బొమ్మ మీద వేలు పడిందో, ధర పోయినట్టే. లైటుని ఒక పక్కకి జరుపుతున్నా... ఆ మోకాలి నీడ చూడండి! ఆవిడ చిన్న గిన్నెలో నిలబడినట్టు లేదూ?

ఆ లోతు కోసమే ఇంత కథ. 1907 నాణెం నాటి అమెరికా ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్‌కి ప్రాచీన గ్రీకు నాణేలంటే మహా మోజు. అలాంటిది మనకీ కావాలని శిల్పి ఆగస్టస్ సెయింట్ గాడెన్స్‌ని అడిగాడు. శిల్పి చేసిచ్చాడు గానీ, అంత లోతు ప్రెస్‌లో ఒక్క దెబ్బకి పడదు, మళ్లీ మళ్లీ కొట్టాలి. చివరికి వాడకంలోకి వచ్చినవాటిలో బొమ్మని బాగా అణిచేశారు. నాకైతే అవి చప్పగా అనిపిస్తాయి. శిల్పి 1907 ఆగస్టులోనే పోయాడు, నాణెం బయటికి రావడం చూడలేదు.

తేడా పట్టడం తేలికే. పాతదాని వెడల్పు 34 మిల్లీమీటర్లు, దీనిది 27. నక్షత్రాలు అప్పుడు 46, ఇప్పుడు 50. బొరుసు వైపు సూర్యుడి పైన "ఇన్ గాడ్ వి ట్రస్ట్" ఉంది, 1907 దాంట్లో అది లేదు.

ఇప్పుడు తూకం. 31.1 గ్రాములు, అంటే మన షాపుల లెక్కలో మూడు తులాలకి కాస్త పైన. ఇక్కడే తికమక. అంచు మందం 4, వెడల్పు 27. ఆ కొలతల బిళ్ల మొత్తం బంగారమైతే 44 గ్రాములు తూగాలి! మరి మిగతా 13 గ్రాములు ఏమైనట్టు? ఇదిగో, స్కేలుని అడ్డంగా పెట్టాను. కింద సందులోంచి వెలుతురు వస్తోంది చూశారా? 4 అనేది అంచు దగ్గరే, లోపలంతా పల్లం. అందుకే ఆన్‌లైన్‌లో ఎవరైనా 40 గ్రాముల పైచిలుకు అని రాస్తే, ఆ పేజీ మూసేయండి.